మామిడి తోటకు ఎన్ని నక్షత్రాలు?



ఆ మధ్య ఒక శ్రోత రాసిన ఉత్తరం నా చేతికి వచ్చింది. బాగేపల్లి చుట్టుపక్కల ఆయనకు తొమ్మిదెకరాల మామిడి తోట ఉంది. చెనిక్కాయ మీద ఆశ వదులుకున్న మెట్ట పొలం ఇంకో నాలుగెకరాలు. శని, ఆదివారాల్లో బెంగళూరు నుంచి కార్లలో వచ్చిపోయేవాళ్ళను చూసి, తన తోటలో గుడారాలు వేసి, కారవాన్ బండ్లు నిలుపుకోవడానికి చోటిచ్చి, నాలుగు రూపాయలు కళ్ళజూడాలని ఆయన ఆలోచన. బ్యాంకువారు అప్పు ఇస్తామన్నారట. ఇదంతా వివరంగా రాసి చివర ఒక ప్రశ్న వేశారు: "మూడెకరాల చెట్లు కొట్టించి ఈతకొలను, పెద్ద హాలు కట్టిస్తే నా రిసార్టుకు ఎన్ని నక్షత్రాలు వస్తాయి?"

ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవడమే ఈ పూట పని. హిందూపురం, మడకశిర, మదనపల్లె, కోలారు, బళ్ళారి, హోసూరు ప్రాంతాల్లో ఇలాంటి ఆలోచనలో ఉన్నవారు ఇంకా చాలామంది ఉన్నారని నాకు తెలుసు. శుక్రవారం సాయంత్రం బెంగళూరులో హెబ్బాళ వంతెన దగ్గర నిలబడి చూడండి. దేవనహళ్ళి దారి పట్టి ఉత్తరానికి పోయే కార్ల వరుసకు అంతు కనిపించదు. నంది కొండ, లేపాక్షి, హార్స్‌లీ కొండలు, ఇంకా ఓపిక ఉన్నవారికి గండికోట. వాళ్ళలో ఎక్కువమంది కోరేది నాలుగు గోడల గది కాదు, చెట్టు నీడ, చుక్కలు కనిపించే ఆకాశం. ఆ రెండూ మన దగ్గర ఉన్నాయి. అవి మనం కట్టించినవి కావు, కొట్టేస్తే మళ్ళీ తెచ్చుకోగలిగినవీ కావు. ఈ మాట ముందే చెప్పి అసలు సంగతిలోకి వస్తాను.

కారవాన్ అంటే తెలియనివారి కోసం రెండు మాటలు. అది చక్రాల మీద ఇల్లు. బండిలోనే పడకలు, చిన్న వంటగట్టు, మరుగుదొడ్డి, నీళ్ళ ట్యాంకు ఉంటాయి. పగలు ప్రయాణం, రాత్రి ఒకచోట మజిలీ. ఇదేమీ మనకు వింత కాదు. మన పెద్దలు గూడుబండి కట్టుకుని తిరునాళ్ళకు పోయినప్పుడు ఏ సత్రం దగ్గర దిగాలో ఎలా నిర్ణయించుకునేవారు? చెట్టు నీడ ఉందా, బావిలో మంచినీళ్ళు ఉన్నాయా, ఎద్దులకు తొట్టి ఉందా, ఆడవాళ్ళు చీకట్లో భయం లేకుండా వెళ్ళిరాగలరా అని చూసుకునేవారు. ఇప్పుడు కాగితాల మీద నూరు అంశాలుగా రాసుకున్న శ్రేణీకరణ పట్టికల్లోనూ ప్రాణం ఇంతే.

కేంద్ర పర్యాటక శాఖ 2009 ప్రాంతంలోనే కారవాన్లకూ, వాటి మజిలీ పార్కులకూ ఒక విధానం తయారుచేసింది. 2020లో కర్ణాటక ప్రభుత్వం ప్రకటించిన పర్యాటక విధానంలోనూ కారవాన్ ప్రయాణాలకు చోటు దొరికింది. 2021లో కేరళ దీనికోసం ప్రత్యేకంగా ఒక విధానమే తెచ్చి, మరుసటి ఏడు వాగమన్‌లో మొదటి పార్కు తెరిచింది. బెంగళూరులో ఇలాంటి బండ్లు అద్దెకు ఇచ్చేవారు ఉన్నారు. బండి దొరుకుతుంది గానీ, రాత్రికి దాన్ని నిశ్చింతగా నిలుపుకునే చోటే దొరకడం కష్టం. మన శ్రోత ఆలోచనలో బలం ఉన్నది ఇక్కడే.

ఇక నక్షత్రాల మాట. మన దేశంలో హోటళ్ళకు నక్షత్రాలు ఇచ్చేది కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ. హోటళ్ళు, రెస్టారెంట్ల ఆమోదానికీ వర్గీకరణకూ ఆ శాఖ కింద ఒక సంఘం ఉంది. ఆ సంఘం వచ్చి చూసి తరగతి నిర్ణయిస్తుంది. అది ఐదేళ్ళు చెల్లుతుంది. ఇది నిర్బంధం కాదు, ఇష్టమున్నవారు దరఖాస్తు పెట్టుకోవాలి. గుడారాల బసకూ, కారవాన్ పార్కులకూ ఆ శాఖ మార్గదర్శకాలు వేరు. అక్కడ మాట ఆమోదం గురించి గానీ ఐదు నక్షత్రాల గురించి కాదు. కాబట్టి తోట వాకిట్లో బోర్డు మీద మనమే ఐదు నక్షత్రాలు రంగుతో గీసుకుంటే అది అలంకారం కాదు, వచ్చేవారిని మోసం చేయడం. ఆ పని చేసినవారిని నేను చూశాను, అందుకే చెబుతున్నాను.

మరి కారవాన్ స్థలాలకు నక్షత్రాలు ఎక్కడా లేవా అంటే, ఉన్నాయి. దక్షిణాఫ్రికాలో 2000లో ఏర్పడిన శ్రేణీకరణ మండలి కారవాన్, గుడారాల స్థలాలకు విడిగా ఒక తరగతి పెట్టి ఒకటి నుంచి ఐదు వరకు నక్షత్రాలు ఇస్తుంది. న్యూజిలాండ్‌లో 1993లో మొదలైన క్వాల్‌మార్క్ సంస్థ ఉంది. బ్రిటన్‌లో పార్కులను ఏళ్ళ తరబడి ఇలా తూచారు. వారి పద్ధతిలో మనం పట్టుకోవలసిన సూత్రం ఒకటుంది. అక్కడ చూసేది ఎన్ని సౌకర్యాలు ఉన్నాయన్న లెక్క కాదు, ఉన్నవి ఎంత బాగా ఉన్నాయన్నది. ఈతకొలను లేని చిన్న స్థలానికి ఎక్కువ నక్షత్రాలు రావచ్చు. పాచి పట్టిన ఈతకొలను ఉన్న పెద్ద స్థలానికి తక్కువ రావచ్చు. మీ దగ్గర ఐదు వస్తువులే ఉంటే ఆ ఐదూ బాగుండాలి, అంతే.

ఒక అనుభవం చెబుతాను. ఆ స్థలం పేరు అనవసరం. నాలుగేళ్ళ కిందట మా కుటుంబమంతా ఒక తోట బసకు వెళ్ళాం. వాకిట్లో కమాను, దాని మీద రంగురంగుల దీపాలు, కచేరీ గదిలో తోలు సోఫాలు. పిల్లలు సంబరపడ్డారు. రాత్రి తొమ్మిదింటికి తెలిసింది, ఆడవారి మరుగుదొడ్డికి లోపల గడియ లేదని. మా అక్కయ్య లోపలికి వెళితే నా భార్య, నా భార్య వెళితే మా అక్కయ్య బయట కాపలా నిలబడ్డారు. దీపం ఉంది గానీ అది కమాను మీదనే ఉంది, దారిలో లేదు. ఆ గడియ ఖరీదు ఎంతో మీకు తెలుసు. ఆ సోఫాల ఖరీదు నేను ఊహించగలను. ఆ యజమాని చెడ్డవాడని నేను అనను. అతిథి ఎక్కడ కూర్చుంటాడో ఆలోచించాడు, రాత్రి ఎక్కడికి నడుస్తాడో ఆలోచించలేదు.

మరుగుదొడ్ల లెక్క చూద్దాం. బ్రిటన్‌లో 1983లో కారవాన్ స్థలాలకు నమూనా ప్రమాణాలు రాశారు. ప్రతి 30 బండ్ల స్థలాలకూ మగవారికి ఒక మరుగుదొడ్డి, ఒక మూత్రశాల, ఆడవారికి రెండు మరుగుదొడ్లు ఉండాలన్నారు. ఆడవారికి మరుగుదొడ్లు రెట్టింపు అన్న సంగతి గమనించండి. మన దగ్గర తరచుగా ఇది తలకిందులుగా ఉంటుంది. పైగా మన వాడకానికి నీళ్ళు ఎక్కువ కావాలి, కుటుంబాలు పెద్దవి. ఆ లెక్కను కనీసం అనుకుని ఇంకా పైకి పోవడమే మేలు. లోపల గడియ, బట్టలు తగిలించుకునే కొక్కెం, మూత ఉన్న చెత్తబుట్ట, బకెట్టు, చెంబు, ఎత్తులో ఒక కిటికీ, వృద్ధులు పట్టుకుని లేవడానికి గోడకు ఒక కడ్డీ. వీటిలో ఏదీ అప్పు చేసి కొనవలసింది కాదు.

ఇప్పుడు నీళ్ళు. ఇక్కడ కొంచెం నిదానంగా వినండి, కావాలంటే కాగితం, పెన్సిలు తీసుకోండి. మన జాతీయ కట్టడాల నియమావళి మామూలు హోటళ్ళకు పడకకు రోజుకు 180 లీటర్ల నీళ్ళని లెక్క కట్టింది. మీ తోటలో ఎనిమిది బండ్లు, పది గుడారాలు, మొత్తం నలభైమంది అనుకుందాం. నలభైని నూట ఎనభైతో గుణిస్తే రోజుకు 7,200 లీటర్లు. మరి ఈతకొలను? పదిహేను మీటర్ల పొడవు, ఎనిమిది మీటర్ల వెడల్పు, సగటున మీటరున్నర లోతు. అంటే 1,80,000 లీటర్లు. నలభైమందికి ఇరవై ఐదు రోజులు సరిపోయే నీళ్ళు ఒక్క గుంతలో పోస్తున్నాం, అదీ ఎండకు ఆవిరై పోయినంత మళ్ళీ మళ్ళీ నింపుతూ. మీ బోరు ఏప్రిల్, మే నెలల్లో ఎంత పోస్తుందో మీకు నాకంటే బాగా తెలుసు. పక్క రైతు బోరు ఎండిపోయినప్పుడు అతను మీ ఈతకొలను వైపు ఎలా చూస్తాడో కూడా తెలుసు. ఏ తనిఖీ పట్టికలోనూ ఆ చూపుకు గడి ఉండదు గానీ, ఊళ్ళో వ్యాపారం నిలబడేదీ పడిపోయేదీ దాని మీదనే.

వాన నీటి లెక్క కూడా చూడండి. అనంతపురం వైపు ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. రెండు వందల చదరపు మీటర్ల పైకప్పు మీద పడేది 1,10,000 లీటర్లు. అందులో ఐదో వంతు పోయినా 88,000 మిగులుతుంది. తోట నిండా జనం ఉంటే ఇది పన్నెండు రోజులకు వస్తుంది. చాలదు, నిజమే. కానీ ఎండాకాలం ట్యాంకరు కోసం ఫోను పట్టుకు కూర్చున్నవాడికి పన్నెండు రోజులంటే ఏమిటో అడగండి.

వచ్చిన నీళ్ళ సంగతి అయింది, పోయే నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. కారవాన్‌లో ఉండే మరుగుదొడ్డి కింద ఒక చిన్న పెట్టె ఉంటుంది. ఇరవై లీటర్ల దాకా పడుతుంది. అది నిండితే ఊడదీసి ఎక్కడో పారబోయాలి. మీరు చోటు చూపించకపోతే, తెల్లవారకముందే వెళ్ళి పక్క వంకలో గుమ్మరిస్తారు. ఆ వంక దిగువన కుంటలో కలుస్తుంది. కుంటలో గొడ్లు నీళ్ళు తాగుతాయి. కాబట్టి బండ్లు నిలిపే చోటికి కాస్త ఎడంగా, సిమెంటు గచ్చు వేసి, మూత ఉన్న తొట్టి కట్టి, కడుక్కోవడానికి విడిగా ఒక కొళాయి పెట్టి, "ఈ నీళ్ళు తాగరాదు" అని తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడింటిలోనూ రాయించాలి. మంచినీళ్ళ కొళాయి ఆ దరిదాపుల్లో ఉండకూడదు.

ఇందులో చాలామందికి తెలియని చిక్కు ఒకటి ఉంది. ఆ పెట్టెలో దుర్గంధం రాకుండా ఒక నీలిరంగు మందు పోస్తారు. కొన్ని మందుల్లో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. సెప్టిక్ ట్యాంకు పనిచేసేదే అందులోని సూక్ష్మజీవుల వల్ల. ఈ మందు వాటిని చంపుతుంది. ఒకటి రెండు బండ్లయితే ఫరవాలేదు గానీ, సెలవుల్లో పది బండ్లు ఒక్కసారి గుమ్మరిస్తే మీ ట్యాంకు మూలన పడుతుంది, తోటంతా కంపు కొడుతుంది. అందుకని బండ్ల మలినానికి వేరే మూసిన తొట్టి పెట్టి, నిండినప్పుడు లారీ పిలిపించి శుద్ధి కేంద్రానికి పంపడం మంచిది. మీ సొంత సెప్టిక్ ట్యాంకును కూడా రెండు మూడేళ్ళకొకసారి తీయించాలి. ఇంకుడు గుంత మంచినీళ్ళ బావికీ, బోరుకూ కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలని మన ప్రమాణం. మనవి పగుళ్ళు ఉన్న రాతి నేలలు, నీరు ఎటు పాకుతుందో చెప్పలేం, ఇంకా దూరం ఉంటే నష్టం లేదు. స్నానాల నీళ్ళు, గిన్నెలు కడిగిన నీళ్ళు అరటి, మెట్టతామర పాదులకు మళ్ళించుకోవచ్చు.

కరెంటు దగ్గర మాత్రం చాదస్తంగా ఉండండి. తడిసిన గడ్డి మీద పాకిన తీగ, దాని చివర మూడు ప్లగ్గుల పెట్టె, దాని మీద కప్పిన ప్లాస్టిక్ సంచి. ఇలాంటిది ఎక్కడ చూసినా అక్కడ పిల్లలతో ఒక్క రాత్రి కూడా ఉండకండి. బండికొక 16 ఆంపియర్ల ప్లగ్గు, వాన నీరు దిగని పారిశ్రామిక రకం, నీలిరంగుది, మోకాలి ఎత్తున గట్టి స్తంభానికి బిగించి ఉండాలి. ప్రతిదానికీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండాలి. ఒంటి గుండా కరెంటు నేలకు పారబోతే రెప్పపాటులో సరఫరా ఆపేసే పరికరం అది. ఎర్తు గుంతలో ఎండాకాలం నీళ్ళు పోయడం మన ఊళ్ళలో అందరూ మరిచిపోయే పని. కేలండరులో రాసి పెట్టుకోండి.

తల ఎత్తి పైకి కూడా చూడండి. బండి ఎత్తు మూడు మీటర్ల దాకా ఉంటుంది. తోట దారిలో కొమ్మలు, వాటికంటే ముఖ్యంగా వేలాడే కరెంటు తీగలు. దారికి అడ్డంగా పోయే లో టెన్షన్ తీగ నేలకు 5.8 మీటర్లకు తగ్గకూడదని నియమం. మన పొలాల్లో చేయి చాచితే అందే తీగలు ఎన్ని లేవు! లైన్‌మన్‌ను పిలిపించి ముందు ఆ పని చేయించండి.

బండికీ బండికీ మధ్య ఆరు మీటర్లు ఎడం ఉండాలని బ్రిటన్ వారి నమూనా చెబుతుంది. ఒకదానికి నిప్పంటుకుంటే వేడికి రెండోది అంటుకోకుండా ఉండటానికి. నిప్పు ఆర్పే సామాను, తాగే నీటి కొళాయి ఏ బండికీ 90 మీటర్లకు మించి దూరం ఉండకూడదు. ఇక్కడే మన శ్రోత గారి మామిడి చెట్లు అక్కరకు వస్తాయి. పాత తోటల్లో చెట్లు పది మీటర్ల ఎడంలో నాటి ఉంటాయి. మొక్క పెట్టినప్పుడు ఆయన తండ్రిగారో తాతగారో కొలిచిన కొలత అది. రెండు వరుసల మధ్య ఒక్కొక్క బండిని నిలిపితే ఎడమూ నీడా రెండూ కుదురుతాయి. నేల మాత్రం ఎర్రమట్టి అయితే వానకు చక్రాలు దిగబడతాయి, చక్రాలు నిలిచే మేర కంకర పోసి దిమ్మిస కొట్టించాలి.

రాత్రి సంగతి ఒకటి. ఎండుటాకులు, రాళ్ళ కుప్పలు ఉన్నచోట ఎలుకలు, వాటి వెనుక పాములు వస్తాయి. నడిచే దారి ఊడ్చి, మోకాలికి దిగువగా దీపాలు పెట్టాలి. దీపం కింద ఉంటే కాలి దగ్గర ఏముందో కనబడుతుంది, ఆకాశంలో చుక్కలూ కనబడతాయి. పాముకాటు మందు ఏ ఆసుపత్రిలో నిలవ ఉందో ముందే వెళ్ళి అడిగి, ఆ పేరు, దారి గోడ మీద రాయించండి. 108 అని రాస్తే సరిపోదు. మనది సరిహద్దు. సెల్‌ఫోను ఏ రాష్ట్రపు టవరు పట్టుకుంటే ఆ రాష్ట్రపు కేంద్రానికి కాల్ పోవచ్చు. తోట ఏ జిల్లా, ఏ మండలం లేక తాలూకా, ఏ మైలురాయి దగ్గర మలుపు తిరగాలి, ఈ వివరాలు కచేరీ గదిలో కూర్చునే కుర్రవాడికి కంఠోపాఠంగా రావాలి.

కాగితాల విషయం క్లుప్తంగా చెబుతాను. వ్యవసాయ భూమిని వేరే పనికి మార్చుకోవడం, పంచాయతీ అనుమతి, అగ్నిమాపక శాఖ, కాలుష్య నియంత్రణ మండలి, ఆహార భద్రతా లైసెన్సు. ఈ సరిహద్దుకు అటూ ఇటూ నిబంధనలు వేరు కాబట్టి మీ తాలూకా లేక మండల కచేరీలోనే కనుక్కోండి. విదేశీయులు బస చేస్తే 24 గంటల లోపల ఆ వివరాలు పంపాలి. ఇవి లేకుండా తనిఖీకి దరఖాస్తు పెట్టడం అంటే పునాది లేకుండా సున్నం వేయడమే.

భోజనం గురించి ఒక్క మాట. నూడుల్సు, పన్నీరు బెంగళూరులో వీధి వీధికీ దొరుకుతాయి. రాగిసంగటి, ఊరుబిండి, వేడి వేడి ఒబ్బట్టు మీ ఊరి ఆడవారి చేతిలో ఉన్నాయి. వాళ్ళను పనికి పెట్టుకోండి, తగిన కూలి ఇవ్వండి, వంటింట్లో తలకు గుడ్డ, చేతులు కడుక్కునే తొట్టి, సబ్బు ఏర్పాటు చేయండి.

తనిఖీకి వచ్చేవారు పూలకుండీలు చూసి మురిసిపోరు. పరుపు తిప్పి అడుగున చూస్తారు. వంటింటి వెనక్కి పోతారు. చెత్త ఎక్కడికి పోతుందని అడుగుతారు. కొళాయి తిప్పి వేడినీళ్ళు రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో చూస్తారు. మీరు ఫోనులో చెప్పినదీ, ప్రకటనలో రాసినదీ ఇక్కడ ఉన్నదీ ఒకటేనా అని పోల్చుకుంటారు. వేసవిలో నీళ్ళు తక్కువైతే ఆ మాట ముందే అతిథికి చెప్పే అలవాటు కూడా నాణ్యత కిందికే వస్తుంది.

ఇప్పుడు ఉత్తరం రాసిన అయ్యగారికి నా జవాబు. చెట్లు కొట్టించకండి. ఈతకొలను, హాలు ప్రస్తుతానికి పక్కన పెట్టండి, వాటికోసం అడిగిన అప్పులో సగం కూడా అక్కర్లేదు. ఎనిమిది బండ్ల చోటు కాదు, నాలుగింటితో మొదలుపెట్టండి. మరుగుదొడ్లు, మలినపు తొట్టి, కరెంటు స్తంభాలు, దారి దీపాలు. ముందు ఈ నాలుగూ చేయించండి. అవి పూర్తయ్యాక, ఎవరినీ పిలవకముందు, మీరే ఇంటిల్లిపాదితో, మీ అమ్మగారితో, చిన్నపిల్లలతో సహా రెండు రాత్రులు ఆ తోటలో బస చేయండి. మంచినీళ్ళు, దుప్పటి, దీపం, ఏదీ ఇంటినుంచి తెచ్చుకోకూడదు. ఒక నోటుపుస్తకం పెట్టుకుని ఎవరికి ఎక్కడ ఇబ్బంది కలిగిందో, ఏ వేళకు కలిగిందో రాయించండి. మీ అమ్మగారు చెప్పింది మొదటి పేజీలో రాయండి. ఆ పట్టీలోవన్నీ తీరాక మూడో ఉత్తరం మాకు రాయండి. రెండోది మాత్రం ఆ పట్టీ నకలే కావాలి, అది చదవాలని నాకు చాలా కుతూహలంగా ఉంది.